కలరా ఏటి బంతి

కెల్‌హోప్
ఫిబ్రవరి 28, 1889

ఎడింబరో మహానగరపు లాయరు గిడియన్ హాబ్‌కర్క్ గారికి,

ఏమయ్యా బావమరిదీ, బాగున్నావా అని అడగను. బాగానే ఉండుంటావు. సొంత ఊరివాళ్ళని కోర్టుకీడ్చి తినే కూడు వంటికి బాగా పడుతుందంటారు.

నిన్న సాయంత్రం ఇనపకొట్టు కట్టేసే వేళకి కోర్టు బంట్రోతు వచ్చి నా చేతిలో సమను పెట్టాడు. పాపం వాడూ బంతాటలో నాలాగే కిందవాడే, మొహం ఎత్తలేకపోయాడు. 'ఊరి పెద్దలు వద్దని చాటింపు వేయించినా వినకుండా, బంతి పండగనాడు వీధుల్లో బంతాట ఆడి, అల్లరి చేసి, జనాన్ని హడలగొట్టి' అని రాసుంది. హడలగొట్టామంట! ఈ ఊళ్ళో ఆ రోజు హడలిపోయేది ఒక్కటే, ప్రోవోస్టు టేట్ గారి గుడ్డలకొట్టు అద్దం. ఆ నిలువెత్తు అద్దం పెట్టినప్పట్నించీ ఆయనకి బంతంటే పడదు. ప్రోవోస్టై ఊరికి పెద్దయ్యాడు కాబట్టి ఇప్పుడు ఆటనే ఎత్తేయిస్తానంటున్నాడు.

సరే, సమను వస్తుందని అనుకున్నదే. కింద చూశాను. ఊరి పెద్దల తరఫు లాయర్లు, ఎడింబరో, కార్‌ఫ్రే అండ్ హాబ్‌కర్క్. హాబ్‌కర్క్! మా మామయ్య, మీ నాన్న పేరయ్యా అది. నా కొట్టు బోర్డు మీద ఇవాళ్టికీ ఉన్న పేరు. ఆయన పోయి ఏడాది కాలేదని నేను రంగు కూడా వెయ్యలేదు దాని మీద. బంట్రోతు ఎదురుగుండా ఉండబట్టి ఊరుకున్నాను గానీ ఆ కాగితంతో లాంతరు వెలిగించేవాణ్ణి.

నాకు తెలుసు నీ కడుపుమంట. సంత స్తంభానికి పైన పుట్టినవాడు బంతిని కోటగోడకి కొట్టే పైవాడు, కింద పుట్టినవాడు బంతిని ఏట్లో వేసే కిందవాడు, అది ఎవరూ మార్చలేరు. మీ అమ్మ నిండు నెలల్తో మీ పిన్నిని చూడ్డానికి పైవీధికెళ్ళి, మంచు పడిపోయి అక్కడే నిన్ను కంది. ఇంటిల్లిపాదీ కిందవాళ్ళు, నువ్వొక్కడివే పైవాడివి. ఇంట్లో అందరూ నిన్ను ఆటపట్టించారు. అయితే? దానికి ఆటనే చంపేస్తావా?

పైగా నువ్వు! దేశం తరఫున ఇంగ్లండ్ మీద రగ్బీ ఆడిన మగాడివి. ఆ ముదురునీలం చొక్కా ఈ ఊరినించి తొడిగింది నువ్వొక్కడివే. ఆడి ఏం చేశావు? గుర్తులేకపోతే నేను గుర్తుచేస్తా. ఆ రోజుల్లో ఈల ఊదే మనిషి లేడు, గొడవొస్తే కెప్టెన్లే తేల్చుకోవాలి. నువ్వు గీత దాటి బంతి నేలకానించావు. జనం టోపీలు ఎగరేశారు. వాళ్ళ కెప్టెన్ నీ దగ్గరికొచ్చి, 'బంతి నీ చేతికి తగిలి ముందుకి పడిందా?' అని అడిగాడు. ఒక్కడు చూళ్ళేదు. నువ్వు 'పడింది' అన్నావు. అంతే, ముందుకి పడ్డ బంతి లెక్కలోకి రాదు, మ్యాచ్ పోయింది. మీ నాన్నంతటి మనిషి, ఎవరైనా కొట్టుకొచ్చి ఆ ఊసెత్తితే, 'అడిగారు, చెప్పాడు' అని ఒక్క ముక్క అనేసి మొహం గోడవైపు తిప్పుకుని మేకుల డబ్బాల్లో చెయ్యి పెట్టేవాడు. అంత సిగ్గుపడ్డాడు నీవల్ల.

ఇంగ్లండ్‌కి ఒకటిచ్చావు. ఇప్పుడు టేట్‌కి ఇంకోటిస్తున్నావు. ఇస్తూ ఉండు.

మీ అక్క ఎఫీ ఈ ఉత్తరం చూళ్ళేదు. చూస్తే సగం కొట్టేయిస్తుంది.

నీ బావ,
వాట్ షీల్

*

ఎడింబరో
మార్చి 4, 1889

షీల్ బావగారికి,

మీ ఉత్తరం అందింది. ఆఫీసులో మా గుమస్తా ముందు తెరిచాను, అది నా పొరపాటు.

కెల్‌హోప్ ఊరి పెద్దల కేసు మా పెద్దాయన కార్‌ఫ్రే గారిది. నేను తెమ్మనలేదు, వద్దనలేదు. వాళ్ళు మనిషిని వెతుక్కుంటూ వచ్చారు, ఆయన ఒప్పుకున్నారు. బోర్డు మీద నా పేరుంది కాబట్టి సమను మీద కూడా ఉంది. వాదించేది ఆయనే. నేను పక్కన కూర్చుని కాగితాలందిస్తాను.

అలాగని ఆట మీద నాకేదో ప్రేముందని అనుకోకండి. మూడేళ్ళ కిందట నేతగాడు రాబీ కాలు ఎలా విరిగిందో మీరు మర్చిపోయినట్టున్నారు. వీధిలో రెండొందలమంది ఒకరి మీద ఒకరు పడి తొక్కుకోవడం పండగని మీరంటారు. పండగ ముందు ఊరంతా కిటికీలకి చెక్కలు కొట్టుకుంటుంది కాబట్టి ఆ వారం మీ కొట్లో మేకులు ఎలా అమ్ముడుపోతాయో నాకూ తెలుసు. ఆ పుస్తకాలు చిన్నప్పుడు నేనే రాసేవాణ్ణి.

ఇక నాన్న సిగ్గుపడ్డాడన్నారు. ఆ సంగతి నాకు చెప్పింది మీరొక్కరే కాదు. కానీ చచ్చిపోయిన మనిషి మొహం అడ్డం పెట్టుకుని నన్ను కొట్టడం మీకే చెల్లింది. ఆయన శవపేటిక గోతిలోకి దించేటప్పుడు తలవైపు తాడు పట్టుకోవలసింది కొడుకు. నేను శ్మశానం గేటు దాటి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ఆ తాడు మీ చేతిలో ఉంది. నన్ను చూసి కూడా వదల్లేదు మీరు. కాళ్ళవైపు నిలబడి చూశాను నేను, పరాయివాడిలాగా.

దాని గురించి ఇన్నాళ్ళూ ఒక్క మాటనలేదు. మీరు మొదలుపెట్టారు కాబట్టి అన్నాను.

అక్కకి నా నమస్కారాలు.

గిడియన్ హాబ్‌కర్క్

*

కెల్‌హోప్
మార్చి 10, 1889

గిడియన్,

ఎప్పట్నించి నేను నీకు 'మీరు' అయ్యాను? మీ అక్కని పెళ్ళి చేసుకున్ననాడు నా టోపీ ఏట్లోకి విసిరేసింది నువ్వేగా? అప్పుడు 'నువ్వు ఈదుకుంటూ తెచ్చుకో బావా' అన్నావు. పోన్లే, లాయరు ఫీజులో మర్యాద కూడా కలిపి ఉంటుందేమో.

తాడు సంగతి. విను. మంచులో రైలు ఇరుక్కుపోయిందని మాకెవరు చెప్పారు? పొద్దున్నించి స్టేషనుకి మనిషిని పంపిస్తూనే ఉన్నాను. పాదిరిగారు గడియారం తీసి చూస్తున్నాడు, తవ్వినవాళ్ళు చలికి గంతులేస్తున్నారు. 'కొడుకు రాడు, షీల్, నువ్వు పట్టుకో' అన్నాడు. పట్టుకున్నాను. పేటిక సగం గోతిలో ఉండగా నువ్వొచ్చావు. ఏం చెయ్యమంటావ్, వదిలేసి నీ చేతికిచ్చేదాకా ముసలాయన్ని ఒకవైపు వేలాడదియ్యనా? తలకిందులుగా దిగేవాడు పాపం. నువ్వు కావాలనే ఆలస్యంగా వచ్చావని నేననుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను. ముందురోజు బయల్దేరితే ఏం పోయింది? కోర్టులో పనుందా?

రాబీ కాలు విరిగింది బంతాటలో కాదు, ఆట అయిపోయాక సారా కొట్టు మెట్ల మీద. వాడే చెప్తాడు అడిగితే. నువ్వు అడగవుగా.

మేకులమ్ముకుంటున్నానని దెప్పావు. అవునయ్యా, అమ్ముకుంటాను, నేను వర్తకుణ్ణి. అందులోనూ మీ నాన్న ఆఖరి రోజుల్లో కళ్ళు కనపడక నా వర్తకం ఎంత చెడగొట్టాడో నీకేం తెలుసు! మంచి మేకులూ వంకర మేకులూ వేరేవేరే డబ్బాల్లో ఉంటాయి. వంకరవి కరిగించేవాడికి పంపిస్తాం. ఈయన పొట్లంలో వంకరవి కట్టిచ్చేసేవాడు. నికల్ డాడ్స్ ఎన్నిసార్లు నా మొహాన పొట్లం కొట్టాడో! 'మీ మామకి కళ్ళజోడు కొనిపెట్టు షీలూ' అని. ఆయన పోయాక ఒక్కడు తిరిగి రాలేదు మేకుల గురించి. అంత అవస్థ పడ్డాను, కానీ ముసలాయన్ని ఒక్కమాటన్నానా? నువ్వు మాత్రం అక్కడ కూర్చుని తాడు లెక్కలు కడుతున్నావు.

అసలు సంగతికొస్తాను. కేసు ఏప్రిల్ మొదట్లో. మా లాయరు కుర్రమనిషి, కానీ చురుకైనవాడు. ఆయన చెప్పింది ఇది. తాతముత్తాతల్నించీ ఒక్క ఏడు కూడా తప్పకుండా ఆడుతూ వచ్చిన ఆటైతే ఊరి పెద్దలు ఆపలేరు, జడ్జి మనవైపు చెప్తాడు. మీ కార్‌ఫ్రే గారు ఏం పట్టుకున్నాడంటే, ఇరవై రెండేళ్ళ కిందటి కలరా ఏడు. ఆ ఏడు పెద్దలు ఆడొద్దంటే జనం నోరుమూసుకుని ఇళ్ళల్లో ఉన్నారు, ఒకసారి ఆపగలిగినవాళ్ళం ఎప్పుడైనా ఆపగలం, అంటున్నాడు. అదొక్కటి నిలిచిందంటే మా ఆట పోయినట్టే. నాకు జైలు పడితే పడనీ, ఓట్స్ జావ ఇంట్లో తాగినా అక్కడ తాగినా ఒకటే. కానీ వచ్చే ఏడు ఆ రోజు సంత స్తంభం దగ్గర ఎవరూ ఉండరు, గిడియన్. అది తల్చుకుంటే నాకు అన్నం దిగట్లేదు.

మీ నాన్న ఎప్పుడూ అనేవాడు, 'కలరా ఏడు కూడా ఆడాం' అని. ఎవరెవరు ఆడారు మామయ్యా, ఎవరు గెలిచారు, అంటే చెప్పేవాడు కాదు. గొప్పలకి చెప్తున్నాడని అందరూ నవ్వేవారు. నేను అప్పుడు బెరిక్‌లో పని నేర్చుకుంటున్నాను. ఎఫీని మీ పెద్దమ్మ దగ్గరికి పల్లెకి పంపేశారు. ఊళ్ళో ఉన్నవాళ్ళని అడిగితే తలుపులు బిడాయించుకుని కూర్చున్నామనే అంటున్నారు. చచ్చినవాణ్ణి సాక్ష్యానికి పిలవలేంగా.

పనుంది, ఉంటాను. గొర్రెల కత్తెరలు వచ్చాయి, సగం తుప్పు పట్టి. అది కూడా ఎడింబరోవాళ్ళ పనే.

వాట్

*

ఎడింబరో
మార్చి 15, 1889

బావగారికి,

ఈ ఉత్తరం నేను రాయకూడదు. మా ఆఫీసు అవతలి పక్షం. మీరు రాసిన దాంట్లో కేసు గురించి ఉన్నదేదీ నేను కార్‌ఫ్రే గారికి చూపించలేదు, ఆయన కాగితాల్లో ఉన్నదేదీ మీకు చెప్పను. అది ముందు తెలుసుకోండి.

రైలు మంచులో ఇరుక్కుంది. ముందురోజు నేను బయల్దేరలేదు, నిజమే. మంచుకి తీగలు తెగి, నాన్నకి బాగాలేదన్న తంతి నాకు ఆ రాత్రి గానీ చేరలేదు. పోయాడన్న తంతి నాకు చేరనే లేదు. శ్మశానం గేటు దగ్గర జనాన్ని చూశాకే తెలిసింది.

మీ లాయరు చురుకైనవాడన్నారు. చురుకైనవాడైతే, కలరా ఏడు ఊళ్ళో ఉన్నవాళ్ళందర్నీ అడిగాడా అని కనుక్కోండి. అందర్నీ. ఆ ఏడు నేను ఊళ్ళోనే ఉన్నాను. అక్కని పంపించేశారు, నన్ను పంపలేదు, నాన్నతోపాటు ఇంటింటికీ సున్నం, లాంతరు నూనె మోశాను. నేను నా అంతట నేను చెప్పకూడనివి ఉన్నాయి. జడ్జి ముందు నిలబెట్టి అడిగితే మాత్రం నేను ఉన్నదే చెప్తాను, అది ఎవరికి నష్టమైనా సరే. నా సంగతి మీకు తెలుసు. మీరే గుర్తుచేశారుగా.

ఇంతకంటే రాయలేను.

గిడియన్

*

కెల్‌హోప్
మార్చి 19, 1889

లాయరు గారికి,

చదివాను. బెదిరిస్తున్నావా నన్ను?

'ఆ ఏడు నేను ఊళ్ళోనే ఉన్నాను, అడిగితే ఉన్నదే చెప్తాను, ఎవరికి నష్టమైనా సరే.' అంటే ఏంటి? కోర్టులో నిలబడి, 'అయ్యా, నేను చూశాను, ఆ ఏడు వీధిలో పురుగు కూడా లేదు, మా నాన్న కోతలు కోసేవాడు' అని చెప్తానని కదా? మా నోళ్ళు మూయించడానికి మీ నాన్ననే అబద్ధాలకోరు చేస్తావా? చెయ్యి! చొక్కా కూడా వేసుకునిరా, ఆ ముదురునీలం చొక్కా. జనం బాగా గుర్తుపడతారు.

నీకు నిజం చెప్పడం అనేది ఒక జబ్బయ్యా. ఎవరు ఓడిపోతారో చూసుకుని మరీ చెప్తావు. అప్పుడు దేశం, ఇప్పుడు ఊరు, తర్వాత ఏంటో. మీ అక్క కాపరమా?

నీ ఉత్తరం నేను కొట్లో జనం మధ్య చదివాను. చదివి వినిపించాను కూడా. నికల్ డాడ్స్ అన్నాడు, 'పైవాణ్ణి ఇంట్లో పెంచారు, అనుభవించండి' అని. నాకు వాణ్ణి తన్నబుద్ధెయ్యలేదు. అదీ నువ్వు నాకు తెచ్చిపెట్టిన స్థితి.

కేసుకొచ్చినప్పుడు మా ఇంటికి రానక్కర్లేదు. సత్రం ఉంది. టేట్ ఇంట్లో మంచి పరుపులున్నాయట, గుడ్డలకొట్టుగా.

వాట్ షీల్

*

ఎడింబరో
మార్చి 22, 1889

బావగారికి,

సత్రంలోనే దిగుతాను.

పదిహేనో తారీకున రాసిన ఉత్తరం అక్క చేతికి ఇవ్వండి. కొట్లో చదివి వినిపించడం కాదు, ఆమె చేతికి. ఇంకేం అడగను.

గిడియన్

*

కెల్‌హోప్
ఏప్రిల్ 6, 1889

ఒరేయ్ గిడియన్,

నాలుగు రోజుల్నించీ రాద్దామని కూర్చుంటున్నాను, కోపమొచ్చి లేచిపోతున్నాను. నువ్వు కోర్టులోంచి అటునించటే రైలెక్కి పారిపోయావు కాబట్టి తిట్లన్నీ కాగితం మీదే పెట్టాలి. ఓపిగ్గా చదువు.

మొదటిది. నీ ఉత్తరం మీ అక్కకిచ్చాను. పిండి చేత్తోనే తీసుకుంది. చదివింది, మళ్ళీ చదివింది. తర్వాత నావైపు ఎలా చూసిందంటే, పందుల్ని కొనేవాడు అమ్ముడుపోని పందిని చూసినట్టు. 'వాట్, నా తమ్ముడు సాక్ష్యానికి తనని పిలవమంటున్నాడు, తనని అడగమంటున్నాడు. వాడంతట వాడు చెప్పకూడదు, అవతలి పక్షం. నువ్వేమో దీన్ని నికల్ డాడ్స్‌కి చదివి వినిపించావు' అంది. ఆ తర్వాత ఇంకొన్ని అంది, అవి రాయను. శాలువా కప్పుకుని, ఏప్రన్ కూడా విప్పకుండా, మా లాయరింటికి పోయింది.

నేను నమ్మలేదు. చెప్తున్నాగా, నేను అస్సలు నమ్మలేదు. 'వాణ్ణి పిలిస్తే ముంచేస్తాడు' అని కోర్టు మెట్ల మీద కూడా మా లాయరు కోటు పట్టుకు లాగాను. ఆయన విదిలించుకుని లోపలికెళ్ళాడు.

నీకు తెలిసిందే నీకు రాస్తున్నాను, కానీ నువ్వు నీ మొహం చూసుకోలేదుగా, మేం చూశాం. నువ్వు టేట్ పక్కన కాగితాల కట్టతో కూర్చున్నావు. మా లాయరు లేచి, 'మా తదుపరి సాక్షి, గిడియన్ హాబ్‌కర్క్' అన్నాడు. కార్‌ఫ్రే గారి మొహం ఉడకబెట్టిన గొడ్డుమాంసంలా అయిపోయింది. 'ఈయన మా మనిషి!' అని అరిచాడు. జడ్జి, ఆ తెల్లగడ్డపాయన, 'మీ మనిషైతే ఏం, ఆ ఏడు ఊళ్ళో ఉన్నాడా లేడా?' అన్నాడు. నువ్వు కాగితాలన్నీ సర్ది, కట్ట కట్టి, కార్‌ఫ్రే ముందు పెట్టి, లేచి వచ్చావు.

'కలరా ఏడు బంతాట జరిగిందా?'

'జరిగింది.'

నేను పక్కనున్న రాబీ విరిగిన కాలు తొక్కాను, వాడు అరవడం కూడా మర్చిపోయాడు.

'ఎవరు ఆడారు?'

'కిందవాళ్ళ తరఫున మా నాన్న ఆడమ్ హాబ్‌కర్క్. పైవాళ్ళ తరఫున నేను.'

'ఇంకెవరూ లేరా?'

'లేరు. ఇద్దరం.'

కోర్టులో కొందరు నవ్వారు. జడ్జి నవ్వలేదు. ఎలాగో చెప్పమన్నాడు. నువ్వు అక్కడ గోడకేసి చూస్తూ చెప్పావు. వీధి వీధంతా తలుపులు బిడాయించి ఉంది, గుమ్మాలకి సున్నం పూసి ఉంది, ముసలాయన పాత బంతి తీసి నీ ఒళ్ళో పడేశాడు. 'ఒక్క ఏడు తప్పితే తర్వాత ఎవడో ఒకడు దాన్ని పట్టుకుంటాడు. ఇటు నేనున్నాను. అటు ఒకడు కావాలి. నా అదృష్టం, నా ఇంట్లోనే ఒక పైవాడున్నాడు' అన్నాడు. సంత స్తంభం దగ్గర ఆయనే బంతి పైకెగరేశాడు. ఏటివైపు ఆయన, కోటగోడవైపు నువ్వు, ఖాళీ వీధిలో తండ్రీ కొడుకులు ఒకరి పీక ఒకరు పట్టుకుని తోసుకున్నారు. నువ్వు చిక్కించుకుని కొండెక్కి కోటగోడ మీదికి విసిరావు. ఆయన రొప్పుతూ వెనకాలొచ్చి, 'గోడకి తగిలిందా?' అని అరిచాడు.

'మీరేమన్నారు?' అని అడిగాడు మా లాయరు.

'తగల్లేదన్నాను. జానెడు తక్కువ పడింది.'

'మీ నాన్న?'

'"అయితే మళ్ళీ విసురు" అన్నాడు. మళ్ళీ విసిరాను. తగిలింది.'

అప్పుడు జనంలోంచి పైవీధి ముసలమ్మ బెల్ లేచి నిలబడింది చూశావా? 'అయ్యా జడ్జిగారూ, మా ఇల్లు కోటగోడ కిందే. ఆ రోజు తలుపు సందులోంచి విన్నాను. ఒకడు తగిలిందా అంటాడు, ఒకడు లేదంటాడు. రోగంతో పోయినవాళ్ళు లేచి బంతాడుతున్నారనుకుని దుప్పటి కప్పుకున్నాను. ఈ దొంగవెధవలా!' అంది. బంట్రోతు కూర్చోమన్నా కూర్చోలేదు.

కార్‌ఫ్రే లేచి, బంధువుల కోసం చెప్పే సాక్ష్యం ఎలా నమ్మడం అన్నాడు. జడ్జి పెన్ను కింద పెట్టి, 'నేను ఇంగ్లండ్ మ్యాచ్‌కి వెళ్ళానండీ, మైదానం చుట్టూ కట్టిన తాడు పక్కనే నిలబడ్డాను. ఈయన మాటమీద మన దేశం గెలుపు వదులుకుంది. ఆ రోజు నేనూ తిట్టాను. అలాంటివాడి మాట నమ్మకపోతే నేనిక్కడ కూర్చోవడం దండగ' అన్నాడు. అంతే. ఆట ఉంటుంది, ఎప్పటిలాగే ఉంటుంది, మమ్మల్నందర్నీ ఇళ్ళకి పొమ్మన్నాడు. టేట్ అద్దానికి చెక్కలు కొట్టించుకోవాలి, మేకులు నా దగ్గరే కొనుక్కోవాలి.

ఇప్పుడు తిట్లు. ఒరేయ్ దుర్మార్గుడా, ఆట నిలబెట్టావు సరే, అదే నోటితో పైవాళ్ళకి ఒక గెలుపు కూడా ఇస్తావా? 'ఆడాం' అని ఊరుకోలేవా? ఎవరు గెలిచారో జడ్జి అడగను కూడా అడగలేదు! ఆ సాయంత్రమే పైవాళ్ళు సారా కొట్టు గోడమీద వాళ్ళ గెలుపుల లెక్కలో ఇంకో గీత గీసేశారు. ముసలాయన అన్నేళ్ళూ 'ఆడాం' అనేగానీ ఎవరు గెలిచారో ఎందుకు చెప్పలేదో నాకు ఇప్పుడర్థమైంది. కిందవాడికి అది చెప్పుకునే మాటా?

మీ అక్క ఏడ్చింది. ఇరవై రెండేళ్ళు తనకి కూడా చెప్పలేదని నీమీద కోపంగా ఉంది. ఆవిడ కోపం ఆవిడదే, నేను మధ్యలోకి రాను.

కార్‌ఫ్రే నిన్ను పంపించేశాడని విన్నాను. బోర్డు మీంచి నీ పేరు తీయించేశాడట. మంచిదే, ఆ పేరు అక్కడ ఉండాల్సింది కాదు. ఇక్కడ లాయరు లేక జనం గొర్రెల గొడవలకి కూడా బెరిక్‌కి పరిగెడుతున్నారు. చెప్పాలని చెప్తున్నానంతే. రమ్మని బతిమాలట్లేదు.

వాట్

*

ఎడింబరో
ఏప్రిల్ 11, 1889

బావా,

నీ తిట్లన్నీ చదివాను. నువ్వు రాసినంత గొప్పగా నేను చెప్పలేదు కోర్టులో.

కార్‌ఫ్రే గారిది తప్పు లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ పంపించేవాణ్ణి. ఇక్కడ నాకు పనిచ్చేవాడెవడూ లేడిప్పుడు. అడిగితే చెప్పేసే లాయరుని ఎవడు పెట్టుకుంటాడు?

అక్కకి నేనే వచ్చి చెప్తాను. నాన్న ఎవరికీ చెప్పొద్దన్నాడు, కిందవాళ్ళు ఓడిపోయారని తెలిస్తే కొట్టు దగ్గరికి ఎవరూ రారని నవ్వాడు. నేను మాటిచ్చాను. కోర్టులో అడిగేదాకా ఆ మాట దాటలేదు.

ఒక్కటి అడుగుతాను, వెటకారం లేకుండా రాయి. ఇంగ్లండ్ మ్యాచ్ తర్వాత నేను ఇంటికొస్తే నాన్న దాని ఊసే ఎత్తలేదు. మంచీ చెడూ ఏమీ అనలేదు. నీ మొదటి ఉత్తరంలో ఉంది, ఎవరైనా అంటే 'అడిగారు, చెప్పాడు' అనేవాడని. ఎలా అనేవాడు బావా? గొంతు ఎలా ఉండేది? మొహం ఎటు తిప్పుకునేవాడన్నావు? ఆ ముక్క మళ్ళీ రాయి.

గిడియన్

*

కెల్‌హోప్
ఏప్రిల్ 15, 1889

గిడియన్,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని కొట్లో ముసలాయన నిలబడే చోట నిలబడ్డాను. వెటకారం లేకుండా రాయమన్నావు కాబట్టి చూసి రాద్దామని.

గొంతు మామూలుగానే ఉండేది. గట్టిగానే అనేవాడు, కొట్లో అందరికీ వినపడేలా. 'అడిగారు. చెప్పాడు.' అని, వెనక్కి తిరిగేవాడు. గోడవైపు రెండు డబ్బాలుంటాయి, నీకు తెలుసు. కుడివైపుది మంచి మేకులు. ఎడమవైపుది వంకరవి. ఆయన ఎటు చెయ్యి పెట్టేవాడా అని నేనూ చెయ్యి పెట్టి చూశాను.

తర్వాత కూర్చుని గుర్తుచేసుకున్నాను, వంకర మేకులు తెచ్చి నా మొహాన కొట్టినవాళ్ళెవరెవరా అని. నికల్ డాడ్స్. నికల్ తమ్ముడు. గుర్రపు లాడాలు కొట్టేవాడు. ఆ రంపం మిల్లు నోటిదూల మనిషి. నీ మ్యాచ్ ఊసెత్తి వెక్కిరించకుండా ఈ కొట్లోంచి ఎప్పుడూ పోనివాళ్ళు. పాదిరిగారికి ఒక్కసారి కూడా వంకర మేకు వెళ్ళలేదు గిడియన్. మీ అక్కని అడిగాను, కళ్ళు ఎప్పట్నించి పాడయ్యాయి మామయ్యకి అని. 'ఆయన చచ్చేముందు రోజు కూడా సూదిలో దారం ఎక్కించాడు, నీకెవరు చెప్పారు కళ్ళు పాడయ్యాయని?' అంది.

నేనే అనుకున్నాను. ఆయన్ని ఎవరూ అడగలేదు.

పైగదిలో పాతసామాను తీయించి ఊడిపించాను. చలిగా ఉంటుంది, దుప్పటి తెచ్చుకో. వచ్చేటప్పుడు పైరోడ్డున రా, నువ్వు పైవాడివి, కిందరోడ్డున వస్తే మా వీధి పిల్లలు రాళ్ళేస్తారు. వచ్చే బంతి పండగనాడు నేను నిన్ను ఏట్లో ముంచుతాను, అది రాసిపెట్టుకో, నా టోపీ బాకీ కూడా ఉంది.

ఇందాక నికల్ డాడ్స్ వచ్చాడు, కోళ్ళగూడుకని మేకులు కావాలంటూ. బల్లమీద చెయ్యేసి, 'ఏం షీలూ, నీ బావమరిది మళ్ళీ నోరు జారాడటగా, అనవసరంగా పైవాళ్ళకి గెలుపిచ్చాడు' అన్నాడు.

'అడిగారు, చెప్పాడు' అన్నాను. వెనక్కి తిరిగాను. పొట్లం బాగా బిగించి కట్టిచ్చాను.

నీ బావ,
వాట్